బేత్లెహేము బావి నీళ్లు

ప్రియ చదువరీ, ఈ ఉదయము మీరు లేచి ముఖము కడుగుకొని ఒక చెంబెడు నీళ్లు త్రాగియుందురు. ఆ నీళ్లనుగూర్చి దేవునికి వందనము చెప్పితిరా? అన్నమునకు ముందు ప్రార్థించు అలవాటు మన క్రైస్తవ గృహములలో కలదు. గాని మంచినీళ్ల కొరకును, వాకిటిలోని వేపచెట్టు నీడ కొరకును, మన భాషలో మనలను పలుకరించు నోటి కొరకును దేవుని స్తుతించువారు అరుదు. అవి ఎల్లప్పుడు ఉండునవే గనుక వాటి విలువ మన కంటబడదు. కొంతకాలము అవి లేనిచోట బ్రదికి వచ్చినవానికి ఒక్కొక్కటియు ఒక్కొక్క వరముగా తోచును.

మా ఊరు వరంగల్లు జిల్లాలోని నెక్కొండ. కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గముమీద నున్నది. వరి, ప్రత్తి, మిరప పండించుకొని జీవించు ప్రాంతము. తెలంగాణములో అనేక పల్లెలనుండి, విశేషముగా కరీంనగరు, నిజామాబాదు వైపునుండి, పడుచువారు పని వెదకుకొనుచు గల్ఫు దేశములకు పోవుచున్నారు. నేనును వారిలో ఒకడనై కువైటులో ఆరు సంవత్సరములు కట్టడపు పని చేసితిని.

కువైటులో ఒక్క నదియైనను లేదు. పూర్వము ఆ దేశస్థులు షత్తల్ అరబ్ నదినుండి పడవలమీద మంచినీళ్లు తెచ్చుకొనెడివారు. 1953లో సముద్రపు నీటినుండి ఉప్పు తీసివేయు ప్రభుత్వ కర్మాగారము అక్కడ ఏర్పడెను. నేటికిని అక్కడివారు త్రాగునది చాలమట్టుకు అట్టి నీరే. 2016 జూలై 21వ తేదీన ఆ దేశమందలి మిత్రిబా అను చోట ఎండ 53.9 డిగ్రీలకు చేరెను. ఇట్టి ఎండలనుబట్టియే జూన్ మొదలు ఆగస్టు చివరివరకు పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు ఆరుబయట పని చేయింపరాదని అక్కడి ప్రభుత్వము నిషేధించినది.

అయినను మేము దప్పికతో అలమటించితిమని తలంపకుడి. మా గదిలో చల్లని గాలి యంత్రముండెను. సీసాలలో చల్లని నీళ్లుండెను. ఎనిమిదిమందిమి ఒకరిమీద నొకరుగా అమర్చిన మంచములలో పండుకొనెడివారము. దొరికినదానికి వందనము చెప్పుకొంటిని. మరి ఏమి లేదని నా మనస్సు వెలితిపడెనో నాకే చాలకాలము తెలియలేదు. ఇంటికి వచ్చిన దినమున అది నాకు తెలిసెను.

అది వేసవికాలము. నేను పంపిన సొమ్ముతో మా అమ్మ ఫ్రిజ్జు కొనియుంచినది. నేను గడపలో అడుగుపెట్టగానే, "ఫ్రిజ్జు నీళ్లు తాగుతవా, రంజను నీళ్లు తాగుతవా బిడ్డా?" అని అడిగెను. రంజను నీళ్లే ఇమ్మంటిని. చెంబు ముంచి, దాని అంచు కొంగుతో తుడిచి నా చేతికిచ్చి, నేను త్రాగి ముగించువరకు అక్కడనే నిలిచి చూచుచుండెను. ఆరు సంవత్సరములలో నేను త్రాగిన నీళ్లన్నియు నేనే పట్టుకొని త్రాగినవి. నేను త్రాగువరకు నిలిచి చూచినవారెవరును లేరు. ఇంటి సుఖమని మనమనుకొనునది వస్తువులో లేదు చదువరీ, దానిని అందించు చేతిలో నున్నది. వస్తువును ఏ దేశములోనైనను కొనవచ్చును గాని ఆ చేతిని కొనలేము.

మాతృభాషలో ప్రార్థించుటయు ఇట్టి సుఖమే. కువైటు నగరమందలి నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణములో అనేక భాషల సంఘములు వేరువేరు వేళల కూడుకొనును. శుక్రవారము అక్కడ సెలవు దినము గనుక ఆ దినమున తెలుగువారము కూడుకొనెడివారము. వారమంతయు అరబ్బీలోను హిందీలోను కేకలు వినిన చెవికి ఆ ఒక్క గంట తెలుగు ప్రార్థన పుట్టింటి పిలుపువలె నుండెడిది.

ఇది క్రొత్త సంగతి కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలివారిని తీసికొని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. ఆ పిమ్మట నాటాలు దేశపు చెరకుతోటలకు ఎందరో తెలుగువారు ఐదేండ్ల ఒడంబడికమీద పోయిరి. అక్కడివారికి తమ భాషలో వాక్యము చెప్పువారు కావలెనని నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్తులు 1903లో జాన్ రంగయ్యగారిని పంపిరి. ఇతరులు పరదేశములో ఇంటి రుచి పొందునట్లు ఒకడు తన ఇంటిని విడిచి వెళ్లెను. 1915లో మరణించువరకు ఆయన అక్కడి సంఘములకు సేవ చేసెను.

ఇప్పుడు సమూయేలు రెండవ గ్రంథము 23వ అధ్యాయము తెరచి చూడుడి. దావీదు అదుల్లాము గుహలో దాగియున్నాడు. బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగియున్నది. అప్పుడు తన ఊరి గవిని దగ్గరనున్న బావి నీళ్లమీద అతనికి ఆశ పుట్టెను. అతడు కోరినది చిన్ననాటినుండి త్రాగిన ఆ బావి నీళ్లనే. ముగ్గురు పరాక్రమవంతులు శత్రువుల దండులోనుండి చొరబడిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు వాటిని త్రాగక యెహోవా సన్నిధిని పారబోసెను. ఆ నీళ్లు ప్రాణములకు తెగించినవారి రక్తముతో సమానమని అతడు ఎంచెను. దాహము తీర్చుకొనుటకు ముందు ఆ దాహమునకు వెల ఎవరు చెల్లించిరో అతడు చూచెను.

ఈ మాట మా ఇంటికి వచ్చి తలుపు తట్టినది. నేను తిరిగివచ్చి రెండెకరముల పొలము చేసికొనుచున్నాను గాని నా తమ్ముడు ఇంకను అక్కడనే యున్నాడు. మా ఇంటిపై మరియొక అంతస్తు వేయవలెనని బంధువులు మాకు బోధించిరి. "చిన్నవాడు ఇంకొక మూడేండ్లు ఉంటే అయిపాయె" అని లెక్క కట్టిరి. మా అమ్మ అంతయు విని, "గా అర్రలల్ల ఎవలు పండుకోవాలె?" అని ఒక్క మాట అడిగెను. ఎవరును బదులు చెప్పలేకపోయిరి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ అధ్యాయమే చదువుకొంటిమి. అంతస్తు మాట మానుకొంటిమి. ఒడంబడిక తీరగానే ఇంటికి రమ్మని తమ్మునికి ఫోను చేసితిమి. వాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "అన్నా, వేపచెట్టు ఉన్నదా?" అని మాత్రము అడిగెను.

పరదేశమునకు పోవుట పాపమని నేను చెప్పుటలేదు. అప్పు తీర్చుటకు, పిల్లలను చదివించుటకు పోక తప్పనివారు అనేకులు కలరు. దేవుడు వారికి తోడుగా నుండును. నేను మాటలాడుచున్నది వారు పంపిన సొమ్మును అనుభవించుచు ఇంట నున్నవారితో. మీ ఇంట తిరుగు పంకాను, మీ బిడ్డ బడి జీతమును, మీ పెండ్లి పందిరిని ఒకసారి దావీదు కన్నులతో చూడుడి. ఏది అక్కరయో, ఏది ఆడంబరమో మీకే తెలియవచ్చును. ఆడంబరమునకై ఒకని జీవితములో ఒక సంవత్సరమునైనను ఖర్చుచేయకుడి.

మరియు ఈ దినమునుండి మీ కుటుంబ ప్రార్థనలో ఇంటికి దూరముగా నున్నవారిని పేరు పేరున తలంచుడి. మీ వీధిలో భర్త పరదేశమందున్న సహోదరి ఉన్నయెడల ఆమె ఇంటికి వెళ్లి మంచి చెడ్డలు విచారించుడి. మీ పొలములోను, మీ ఇంటి కట్టడములోను పనిచేయుటకు వేరే రాష్ట్రమునుండి వచ్చిన కూలివాడున్నయెడల వానికి నీళ్లు మీరే ముంచి ఇయ్యుడి, వాడు త్రాగువరకు నిలువుడి. మన నిమిత్తము తండ్రి ఇంటిని విడిచివచ్చి, సమరయ బావియొద్ద దాహమని అడిగిన ప్రభువు ఒక గిన్నెడు చన్నీళ్లను సహితము లెక్కలో వ్రాసికొనును.