నరసాపురపు లేసు పల్లెలు

నరసాపురము పశ్చిమ గోదావరి జిల్లాలో వసిష్ఠ గోదావరి యొడ్డున నున్న పాత రేవుపట్టణము. భీమవరమునుండి పాలకొల్లు మీదుగా వచ్చు రైలుమార్గ మిచ్చట ముగియును. దారి పొడవునను వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు కానవచ్చును. నదికి ఆవలి యొడ్డు సఖినేటిపల్లి. జనులు పంటుపై అటునిటు దాటుచుందురు.

పట్టణమునకు చేరువనే మాధవాయపాలెము కలదు. 17వ శతాబ్దమున ఆంగ్ల వర్తకు లిచ్చట బట్టల వర్తకశాల నెలకొల్పిరి. ఈ ప్రాంతపు మెత్తని నూలుబట్ట ఓడలపై సీమకు పోయెను. ఊరి పేరు వారి నోట ‘మదపొల్లం’ అయి, నేటికిని ఆంగ్ల నిఘంటువులలో ఒకరకపు వస్త్రమునకు పేరై నిలిచియున్నది. కాలక్రమమున ఆ బట్టను ఐరోపా మిల్లులే నేయసాగినవి. పేరు మనదిగానే మిగిలినది; పని వారిదైనది. ఊరి పేరు సముద్రములు దాటినంత మాత్రమున పనిచేసిన చేతికి ఫలము దక్కదని దీనివలన తెలియుచున్నది.

నరసాపురము నేడు లేసునకు ప్రసిద్ధము. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పిరి. ఆ విద్య తల్లినుండి బిడ్డకు వచ్చుచు, నరసాపురము, పాలకొల్లు పరిసర గ్రామములందు ఇంటింటికిని వ్యాపించినది. మధ్యాహ్నవేళ ఏ వీథిలోనికి పోయినను, అరుగుపై కూర్చుండి నూలును వ్రేళ్ళ నడుమ బిగించి సూది త్రిప్పుచున్న స్త్రీలు కనబడుదురు. ఒక్కొక్క పూవును వేరుగా అల్లుట చేతిపని. ఆ పూవులను చేర్చి బల్లగుడ్డగానో, దిండుగలీబుగానో కూర్చుట అతుకుపని. పూవు అల్లిన యామె పూర్తియైన గుడ్డను చూడకపోవుటయు కలదు.

మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఈ పల్లెలను పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. సరకు ప్రపంచపు సంతకు పోవుచున్నను, అల్లెడు స్త్రీని కేవలము గృహిణిగాను, ఆమె శ్రమను తీరికవేళ కాలక్షేపముగాను లెక్కించుటచేతనే కూలి మిక్కిలి తక్కువగా నున్నదని ఆమె నిరూపించినది. నూలు ఇచ్చి లేసు తీసికొనిపోవు మధ్యవర్తియే స్త్రీకి సంత. అంతకు మించిన సంతను ఆమె యెరుగదు.

మేము దర్శించిన ఒక యింట ఈ స్థితి కొంత మారుచున్నది. అత్తగారు నలువదేండ్లుగా లేసు అల్లుచున్నారు. కోడలు తన చేతిఫోనులో చిన్న వ్యాపారుల కొరకు ఏర్పడిన వాట్సాప్‌ను పెట్టుకొని, అందులోని సరకుల పట్టికయందు అత్తగారి పనితనమును బొమ్మలతో అమర్చినది. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడ ఒక పుట తెరచినది. మొదట అత్తగారు సమ్మతింపలేదట.

“మన యింటి ఆడవాళ్ళ మొహాలు ఊరందరికీ చూపించడ మేమిటే?” అని వారు కోపించిరట.

“మొహం అక్కర్లేదు అత్తయ్యా, మీ చేతులు కనబడితే చాలు,” అని కోడలు నచ్చజెప్పినది.

ఆ మాట సత్యమని మాకు తోచినది. కిటికీ చెంత పగటి వెలుతురులో, ముదురు నీలపు వస్త్రముపై తెల్లని లేసును పరచి ఆమె బొమ్మలు తీసినది. ప్రక్కనొక కొలబద్ద నుంచుటచే పరిమాణము తెలియుచున్నది. ఒక బొమ్మ ముందువైపు, ఒకటి వెనుకవైపు. మూడవది అత్తగారి వ్రేళ్ళు సూది త్రిప్పుచుండగా తీసిన కదలుబొమ్మ, అరనిమిషమునకు మించదు. ఎక్కువమంది చూచినది దానినే. యంత్రపు లేసు చవుకగా దొరకు నీ దినములలో, చేతి అల్లికకు చేతిని మించిన సాక్ష్యమేమి కలదు?

బొమ్మక్రింద కోడలు వ్రాయు మాటలు కొలదియే: పొడవు, వెడల్పు అంగుళములలో, ఏ నూలు, ఎన్ని దినములు పట్టును, ఎట్లు ఉతుకవలెను, వెల యెంత, తపాలా ఖర్చు అందులో చేరినదా లేదా. ‘అద్భుతము’, ‘అపూర్వము’ వంటి పొగడ్త లందు లేవు. కొనదలచినవా రడుగు ప్రశ్నలకు ముందే ఉత్తర మున్నది. తొలుత కొన్నవారు బంధువులును, పట్టణములలోని చిన్ననాటి నేస్తములును. వారు తమ యిండ్లలో లేసును పరచి తీసిన బొమ్మలను పంపగా, వారి యనుమతి గైకొనియే ఆమె వానిని ప్రకటించినది. వారివలన క్రొత్తవారు వచ్చిరి. డబ్బిచ్చి అనుచరుల సంఖ్యను పెంచుకొనుట ఆమెకు రుచింపలేదు. కొనని వేయిమందికన్న కొని మెచ్చిన పదిమంది మేలు గదా.

వెల కట్టుటయే ఆ యింటివారికి అన్నిటికన్న కష్టమైనది. ఏలయన, వారు తమ గంటలను ఎన్నడును లెక్కించి యెరుగరు. ఈ లెక్కను సోదరీమణులు గమనింపవలెను. ఒక బల్లగుడ్డకు నూలు 200 రూపాయలయిన దనుకొందము. అల్లుటకు 30 గంటలు పట్టినచో, గంటకు 40 రూపాయల చొప్పున 1200 రూపాయలు. తపాలాకును పొట్లమునకును 100. మొత్తము 1500 రూపాయలు. బేరమునకు లొంగి దానిని 700 రూపాయల కిచ్చినచో, ఖర్చులు పోగా మిగులునవి 400. అనగా గంటకు ఇంచుమించుగా 13 రూపాయలు. ఇట్లు చేసినచో మధ్యవర్తి తొలగియు పాత దారిద్ర్యము తొలగదు. శ్రమను కాలక్షేపముగా నెంచు అలవాటు ముందు మనలోనుండి పోవలెను.

ఒకమారు దూరపు నగరమునుండి ఒక వర్తకుడు నెలలోపల 60 బల్లగుడ్డలు కావలెనని అడిగెనట. ఇద్దరి చేతులకు అది సాధ్యము కాదు. కోడలు కాదనుటకు వెనుకాడగా అత్తగారే, “ఇవ్వలేనిది ఒప్పుకోకమ్మా, మాట పోతే మళ్ళీ రాదు,” అనిరి. ఎనిమిదింటికి ఒప్పుకొని, సగము సొమ్ము ముందుగా పుచ్చుకొని, చెప్పిన తేదీకే పంపిరి. ఆ వర్తకుడు మరల ఎనిమిది అడిగెను. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కలిసినచో పెద్ద బేరములును అందవచ్చునని ఆ యింట ఇపుడు ఆలోచన సాగుచున్నది. అట్లు కలిసిననాడు పూవు అల్లిన యామెకును, అతికిన యామెకును గంటల లెక్కనే పంచవలెనని అత్తగారి పట్టుదల.

ఈ మార్గమున మోసగాండ్రును లేకపోలేదు. ‘మీకు సొమ్ము పంపుచున్నాము, ఈ క్యూఆర్ కోడును చూపి మీ పిన్ సంఖ్య నొక్కుడు’ అను సందేశము లొకప్పు డొకప్పుడు వచ్చును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ సంఖ్య ఎన్నడును అక్కరలేదు. అది మన సొమ్ము పోవుటకే. మోసపోయినచో తడయక 1930 సంఖ్యకు ఫోను చేసి తెలుపవలెను. ఇంటి చిరునామాను అందరు చూచు పుటపై నుంచరాదు. వ్యాపారమునకు వేరొక ఫోను సంఖ్య యుండుట మంచిది. అసభ్యముగా వ్రాయువారికి ఉత్తర మీయక వెంటనే వారిని అడ్డగింపవలెను.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఈ పేరును ఇతర ప్రాంతపు సరకునకు పెట్టుకొనుటను చట్టము నిషేధించుచున్నది. మదపొల్లము నేసినవారికి ఇట్టి రక్షణ లేకపోయెను. కాని ఊరిలో నున్నంత మాత్రముననే ఆ ముద్రను వాడుకొనరాదు. 1999నాటి చట్టము ప్రకారము అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకొనవలెను. లేసు అల్లు సోదరీమణులు తమ సహకార సంఘముల ద్వారా దీనిని గూర్చి విచారించుట యుక్తము.

నరసాపురము చూడబోవు సోదరీమణులారా, నదిని చూడుడు, పాలకొల్లు క్షీరారామమును సేవింపుడు, అంతర్వేది నరసింహస్వామిని దర్శింపుడు. వానితోపాటు ఒక లేసు పల్లెకును పొండు. కొనునప్పుడు, ఇది అల్లుటకెన్ని దినములు పట్టినదమ్మా యని అడిగి, ఆ దినములకు తగిన వెల యిండు. మీ యూరనే అప్పడములో, ఊరగాయలో, కుట్టుపనియో చేయు స్త్రీ యున్నచో, ఆమె సరకునకు పగటి వెలుతురులో ఒక మంచి బొమ్మ తీసి, కొలతయు వెలయు వ్రాసి పెట్టుటకు సాయపడుడు. చదువుకొన్న పడుచుపిల్లకు అది అరగంట పని. ఆ యింటికి మాత్రము అది క్రొత్త త్రోవ కాగలదు.