అయిదుగురు ఆడపిల్లల ఇల్లు

నవల అనగానే మనలో కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. అయితే మేము చెప్పబోయే నవల వ్రాసినది ఒక పాదిరిగారి కుమార్తె. ఆమె పేరు జేన్ ఆస్టిన్. 1775లో ఇంగ్లండులోని స్టీవెన్టన్ అనే పల్లెలో పుట్టింది. ఆమె వ్రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయింది. పుస్తకం మీద ఆమె పేరు వేయలేదు.

డిగ్రీ చదివే మా పెద్దమ్మాయి దేవరకొండలోని మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక రోజుకు కొంచెం చొప్పున ఆ కథ మాకు తెలుగులో చెప్పింది. బెన్నెట్ దంపతులకు అయిదుగురు ఆడపిల్లలు, కొడుకు లేడు. ఆస్తి మగవారికే చెందాలన్న కట్టుబాటు వల్ల తండ్రి పోతే ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే బంధువుకు పోతాయి. ఆయనా పాదిరిగారే. ఆయన పెండ్లికి అడిగితే రెండో అమ్మాయి ఎలిజబెత్ వద్దంటుంది. ఆమె స్నేహితురాలు షార్లెట్ ఒప్పుకుంటుంది. షార్లెట్‌కు అప్పటికి 27 ఏండ్లు.

జేన్ ఆస్టిన్ తన మరో నవలపై ఇంటివారు, ఇరుగుపొరుగువారు చెప్పిన అభిప్రాయాలను కాగితంపై వ్రాసి ఉంచుకుంది. కన్నతల్లికి అందులోని కథానాయిక చప్పగా తోచిందన్న మాట కూడా దాచలేదు. అందుకని మా ఇంటి అభిప్రాయాలూ వ్రాస్తున్నాము.

మా అమ్మాయికి ఎలిజబెత్ నచ్చింది. ధనవంతుడైన డార్సీ మొదటిసారి అడిగినప్పుడు కూడా, గర్విష్ఠి అని తోసిపుచ్చిందని. మా వదినగారు షార్లెట్ వైపు. "తలదాచుకోను ఇల్లు కావాలె గదా" అన్నారు. పిల్లల పెండ్లిళ్ల కోసం ఆరాటపడే తల్లిని చూసి మేమందరం నవ్వుతుంటే మా అత్తమ్మ కసిరింది: "ఎందుకు నవ్వుతరు? అయిదుగురు ఆడపిల్లలున్న తల్లికి నిద్రెట్ల పడ్తది?"

ఆ మాటతో మా నవ్వు ఆగింది. ఆఖరి పిల్ల లిడియా విక్‌హామ్‌తో లేచిపోతుంది. అతని అప్పులు తీర్చి, పైన డబ్బిచ్చాకనే అతడు తాళి కట్టేవాడిలా ముందుకొస్తాడు. దాన్ని మన ఊళ్లో ఏమంటారో చెప్పనక్కరలేదు. మన దేశంలో 1961 నుండి వరకట్న నిషేధ చట్టం ఉంది. అయినా 1999 నుండి 2001 వరకు మన దేవరకొండ ప్రాంతపు తండాల్లో ఆడశిశువులను అమ్మిన వార్తలు పత్రికలకెక్కాయి.

మా అభిప్రాయం ఇది. తప్పు ఆ తల్లిది కాదు. కొడుకు పుడతాడు, అంతా చక్కబడుతుందని ఎదురుచూస్తూ తండ్రి పిల్లల కోసం ఏమీ కూడబెట్టలేదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు కూడా అయిదుగురే, వారికీ అన్నదమ్ములు లేరు. వారు మోషే ఎదుట నిలిచి తండ్రి భూమిలో వాటా అడిగారు, పొందారు. మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే కొడుకుకూ కూతురికీ సమాన వాటా.

మాకు మూడెకరాల చెలక, ఇద్దరు ఆడపిల్లలు, ఒక కొడుకు. "ముగ్గురికీ తలా ఎకరం" అని మేము చెప్పినప్పుడు కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అక్కలు నాగలి పట్టకున్నా సరే, పేరు మాత్రం కాగితం మీద ఉండాలె" అన్నాడు. ఈ సంగతి మీ ఇంట్లోనూ మాట్లాడుకోండి. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే మాట్లాడుకోండి.