డెన్వర్ గాలిలో హోమ్ రన్లు

ఏప్రిల్ 6
మా కంప్యూటర్ బేస్‌బాల్ లీగ్‌లో కొత్త సీజన్ మొదలైంది. రాత్రి కమిషనర్ సిమ్యులేషన్ నడిపాడంటే వారం రోజుల ఆటలు నిమిషాల్లో అయిపోతాయి. ఆలోపే ఎవరి లైనప్ వాళ్లు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. మర్చిపోతే పాత లైనప్పే దిగుతుంది. ఈ ‘అవుట్ ఆఫ్ ద పార్క్’ ఆటకి ప్రాణం పోసినవాడు మార్కస్ హైన్సన్ అనే జర్మన్. ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి పట్టని దేశంలో కూర్చుని అమెరికా వాళ్ల ఆటని కోడ్‌లోకి దించాడు. అమెరికన్లకి మాత్రం ఇది వింతగా అనిపించినట్టు లేదు.

నా జట్టు డెన్వర్. ఉండేది ఈ ఊళ్లోనే కదా అని పట్టుబట్టి తీసుకున్నా.

ఏప్రిల్ 11
మా ఫస్ట్ బేస్‌మన్, ఎడమచేతి వాటం వాడు, దొరికిన బంతినల్లా గోడ దాటిస్తున్నాడు. “ఇదే ఊపైతే బ్యారీ బాండ్స్ 73 గల్లంతే” అని చికాగో జట్టు మేనేజర్ ఫోన్. 2001 సీజన్‌లో అతను కొట్టిన ఆ 73 హోమ్ రన్లని ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. వారం ఆటని 162 ఆటల సీజన్‌కి హెచ్చవేసి మురిసిపోయేవాళ్లు ప్రతి లీగ్‌లోనూ ఉంటారు. మే నెలాఖరుకి వాళ్ల ఫోన్లు రావు.

ఏప్రిల్ 14
బందరు నుంచి మావయ్యగారు వచ్చి ఉన్నారు. రాత్రి నా భుజం మీదుగా స్క్రీన్ చూసి, “ఎవరాడుతున్నారు బాబూ?” అన్నారు.
“ఎవరూ లేరండీ. అంకెలే ఆడతాయి.”
“అంటే బళ్లో మేం పుస్తకం తెరిచి, పేజీ చివరంకెకి పరుగులు రాసుకునేవాళ్లం, అదేనా?”

దాదాపు అదే. కాకపోతే పుస్తకానికి గవాస్కరైనా చంద్రశేఖరైనా ఒకటే. ఆ తేడా చూపించే ఆటల్లో ఒకటి 1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్. ఒక్కో ఆటగాడికీ ఒక్కో కార్డు. మూడు పాచికలు వేస్తారు. ఒకదాని మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి. 4, 5, 6 పడితే పిచర్ కార్డు. మిగతా రెండింటి మొత్తం ఏ వరుసో చెబుతుంది. కొట్టినవాడి ఘనత ఎంత, వేసినవాడి లోపం ఎంత అన్న వాదనని ఒక్క పాచికతో చెరిసగం చేసేశారు. మా కంప్యూటర్ లీగ్ లెక్కలు ఇంకా మెలికలు తిరుగుతాయి గానీ మూలం అక్కడే ఉంది.

మావయ్యగారికి కార్డుల సంగతి నచ్చింది. “సి.కె. నాయుడికి కార్డు వేస్తే అన్నీ సిక్సర్లే ఉంటాయి” అన్నారు. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 153 పరుగులు, 11 సిక్సర్లు. అంకెలు ఆయనకి నోటికొచ్చు. మరుసటేడు, 1927లో, ఇక్కడ బేబ్ రూత్ 60 హోమ్ రన్లు కొట్టాడని చెప్పాను. “గోడలు ఎంత దూరం?” అని అడిగారు. సరైన ప్రశ్న.

ఏప్రిల్ 22
స్ప్రెడ్‌షీట్‌లో స్లగింగ్ కాలమ్ సరిచేశా. సింగిల్‌కి 1, డబుల్‌కి 2, ట్రిపుల్‌కి 3, హోమ్ రన్‌కి 4; కూడి, ఆడిన అవకాశాలతో భాగించడమే. వాక్ (పిచర్ సరైన బంతులు వేయక బ్యాటర్ ఊరికే బేస్‌కి పోవడం) మాత్రం ఇందులోకి రాదు. అందుకే వాక్‌కి పక్కన వేరే కాలమ్ ఉండాల్సిందే. 2004లో బాండ్స్‌కి 232 వాక్‌లు. వాటిలో 120 సార్లు కావాలనే, కొట్టనివ్వకుండా బేస్‌కి పంపేశారు. ఎదుటివాళ్ల భయాన్ని కొలిచిన అంకె అది. హోమ్ రన్ల పట్టీలో అది కనిపించదు.

మే 3
మా ఆవిడకి చూపించాలి: ‘ఆన్ ద రోడ్’ రాసిన జాక్ కెరువాక్ చిన్ననాటి నుంచీ కార్డులతో ఊహల బేస్‌బాల్ లీగ్ నడిపి, జట్ల జమాఖర్చులూ ఆటల వార్తలూ రాసుకున్నాడు. ఆ కాగితాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

మే 9
మావయ్యగారిని కూర్స్ ఫీల్డ్‌కి తీసుకెళ్లా. పై అంతస్తులో పచ్చ కుర్చీల మధ్య ఒక్క వరుస ఊదారంగులో ఉంటుంది. సముద్రమట్టానికి సరిగ్గా మైలు, 5,280 అడుగుల ఎత్తు అక్కడ. గాలి పలచన కాబట్టి బంతికి అడ్డు తక్కువ, దూరం పోతుంది. పిచర్ వేసే బంతి మెలిక కూడా తగ్గుతుంది, అది రెండో దెబ్బ. మా ఇంట్లో కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకకపోవడానికీ ఈ గాలే కారణమంటే మావయ్యగారు పెద్దగా నవ్వారు.

పైగా ఇక్కడి పొడి గాలికి బంతులు ఎండిపోయేవి. 2002 నుంచి వాటిని తేమ గదిలో ఉంచి తీస్తున్నారు. హోమ్ రన్లు తగ్గాయి. ఆటగాళ్లని మార్చలేదు, బంతులు పెట్టే అలమర మారిందంతే!

మే 17
లీగ్‌లో పరుగులు తక్కువగా ఉన్నాయి, హోమ్ రన్ల సెట్టింగ్ కాస్త పెంచుదామా అని కమిషనర్ ఓటింగ్ పెట్టాడు. వద్దనే వేశా. మేం ఇన్నేళ్లు రాసుకున్న రికార్డులు ఒక్క మౌస్ నొక్కుతో చవకైపోతాయి. అసలు ఆటలోనూ ఇదే జరిగింది, కాకపోతే నెమ్మదిగా. 1930లో నేషనల్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటే .303. హ్యాక్ విల్సన్ ఆ ఏడాదే 191 పరుగులు సాధించి పెట్టాడు (పుస్తకాల్లో 190 ఉండేది, పోయిన ఒక్కటీ 1999లో దొరికింది). 1968కి వస్తే అమెరికన్ లీగ్‌లో .300 దాటినవాడు యాస్ట్రెమ్‌స్కీ ఒక్కడే, అదీ .301తో. మరుసటేడు పిచర్ నిలబడే దిబ్బని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. విల్సన్‌నీ యాస్ట్రెమ్‌స్కీనీ ఒకే పట్టీలో పెట్టి పై నుంచి కిందికి చదివేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మే 18
అలాగని అంతా గోడల మాయే అనడానికీ లేదు. రూత్‌ది ఎడమచేతి వాటం, యాంకీ స్టేడియం కుడి మూల గోడ 300 అడుగులు కూడా ఉండేది కాదు. కానీ 1927 నాటి ఆ 60లో సొంత మైదానంలో కొట్టినవి 28, బయట 32! గోడ దూరం అడిగిన మావయ్యగారికి ఈ సంగతి చెప్తే, “చూశారా” అన్నారు, నాయుడి తరఫున కూడా గెలిచినట్టు.

మే 26
మా ఫస్ట్ బేస్‌మన్ ఇంకా పట్టీలో మొదటే ఉన్నాడు. ఇంట్లో, బయట అని విడదీసి చూశా. మూడింట రెండొంతులు డెన్వర్‌లోనే. బయట వాడు మామూలు మనిషి.

చికాగో నుంచి మళ్లీ ఫోన్. వాడిని ఇస్తే ఇద్దరు కుర్ర పిచర్లని ఇస్తాడట. ఇచ్చేస్తున్నా. “ఇంట్లోనే కొడతాడన్న సంగతి అవతలాయనకి చెప్పారా?” అన్నారు మావయ్యగారు. అడిగితే చెప్పేవాణ్నే. ఆ రెండు కాలమ్‌లు లీగ్‌లో అందరికీ కనిపించేవే.