యానాంలో మూసే వేళ

మొన్న మాఘమాసంలో వొక పెళ్ళికని మేము యానాం వెళ్ళివచ్చాము. చెన్నపట్నంలో మాది మూడు తరాల కాపురం. గుమాస్తా ఉద్యోగానికి దొరికిన సెలవు నాలుగే రోజులు. పిల్లలకు పరీక్షలు కావడంచేత మేమిద్దరమే బయలుదేరాము. సర్కారు ఎక్స్‌ప్రెస్సులో కాకినాడ దిగి బస్సెక్కితే, కోరంగి, తాళ్ళరేవుల మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. కోరంగి దగ్గర మడ అడవుల మీది ఉప్పుగాలి తగులుతుంది. ఆపైన కొబ్బరి తోటలు. యానాం పొలిమేర వచ్చిందని ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరి పేరున్న బోర్డు కంటబడక ముందే బ్రాందీ షాపుల బోర్డులు కంటబడతవి.

అంతమాత్రాన ఊరిని తక్కువ చేయరాదు. గౌతమి గట్టున సాయంకాలం కూర్చుంటే లేవబుద్ధి కాదు. 1846 నాటి చర్చి ఉన్నది, మంగళవారం సంత ఉన్నది. చుట్టూ ఆంధ్ర దేశమే అయినా యీ 30 చదరపు కిలోమీటర్లు పరాసువారి యేలుబడిలో ఉండేవి. 1954 జూన్ 13న ఆ పాలన పోయింది; 1962లో చట్టప్రకారం భారతదేశంలో చేరింది; ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. భాష మనది, బంధుత్వాలు మనవి, చట్టం మాత్రం వేరు. ఊరి కథ అంతా ఆ చివరి మాటలోనే ఉన్నది.

మా నాయనమ్మ పెళ్ళి యానాంలోనే జరిగింది. ఆమెకప్పుడు తొమ్మిదో యేడు. 1929లో శారదా చట్టం వచ్చి, 14 యేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేయరాదన్నది. ఇంగ్లీషువారి చట్టం పరాసువారి ఊళ్ళో చెల్లదు గనుక, చుట్టుపక్కల జిల్లాలవారు పెళ్ళివారితో, మేళాలతో ఇక్కడికే తరలివచ్చేవారు. ఊరికి కల్యాణపురమని పేరే వచ్చింది. "తలంబ్రాల వేళకు నిద్రపోయానురా, ఎవరో లేపి కూర్చోబెట్టారు" అని నాయనమ్మ చెప్పేది. చెప్పి నవ్వేది. ఆ నవ్వు వెనక ఏమున్నదో మాకు పెద్దయిన తరువాతగాని తెలియలేదు.

చట్టం వొక గట్టున ఆగిపోతే జనం రెండో గట్టుకు పోతారు. పెళ్ళిళ్ళ వంతు అయిపోయాక మద్యం వంతు వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగారు. 1995 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో అది సడలింది. ఆ రెండేళ్ళూ యానాంలో మాత్రం దుకాణాలు తెరిచే ఉన్నవి.

నిషేధం పోయినా వేళల తేడా పోలేదు. మన రాజ్యాంగం మద్యం సంగతి రాష్ట్రాలకు అప్పగించింది గనుక ఎవరి గడియారం వారిది. మా తమిళనాట సర్కారు దుకాణాలు మధ్యాహ్నం 12కు తెరిచి రాత్రి 10కి మూస్తారు. బెంగుళూరులో 2016 నుంచి బార్లకు రాత్రి 1 గంట దాకా అనుమతి ఉన్నది. ఆంధ్రలో 2019లో దుకాణాలను ప్రభుత్వమే చేతిలోకి తీసుకొని, మొదట రాత్రి 8కే మూయించింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువారికిచ్చి వేళను 10 దాకా పెంచారు. ఇవతల గట్టున షట్టరు పడి అవతల గట్టున దీపం వెలుగుతూ ఉంటే, నడుమనున్న రోడ్డు మీద ఏం జరుగుతుందో మేము ఆ పెళ్ళికి ముందటి రాత్రి చూచాము.

మా విడిది యెదురుగానే వొక బార్. తొమ్మిదిన్నర దాకా అక్కడ పెద్ద సందడి లేదు. శనివారం కావడంచేత పడవ షికారుకు వచ్చిన యాత్రికులు నాలుగు బల్లల దగ్గర నింపాదిగా కూర్చున్నారు. పది దాటిందో లేదో మోటారు సైకిళ్ళు వరసగా రాసాగినవి, ఒక్కొక్క దాని మీద ఇద్దరూ ముగ్గురూ. వచ్చినవారికి కూర్చునే ఓపిక లేదు. గడియారం చూచుకుంటూ నిలబడే తాగుతున్నారు. గంటసేపట్లో తాగవలసింది పావుగంటలో తాగి, ఇంకొక సీసా చొక్కాలో దోపుకొంటున్నారు. గుమ్మం పక్కన ఉడికించిన గుడ్లు, శనగలు అమ్మే ముసలమ్మకు చిల్లర యివ్వడానికే తీరిక లేదు. పదకొండు కొట్టాక షట్టరు సగం దించారు. చివరివారు వంగి బయటికి వచ్చారు. బండ్లన్నీ ఒక్కసారి కదిలినవి.

లోపల బల్లలు తుడుస్తున్న కుర్రవాణ్ణి, "ఇక ఇంటికేనా బాబూ?" అని అడిగాము. "ఆయ్, మూసేది తాగేవోళ్ళకండీ. మా పని ఇప్పుడే మొదలు. కడిగి, లెక్క చెప్పేసరికి ఒంటి గంటండీ" అన్నాడు. మూసే వేళను నిర్ణయించే పెద్దలు యీ రెండో గడియారాన్ని కూడా చూడాలి గదా అనిపించింది.

ఆ గుంపులో మా మేనల్లుడు కూడా ఉన్నాడు. మా ఆవిడ తమ్ముడి కొడుకు, ఇరవైమూడేళ్ళవాడు. ఎదుర్లంక దాటితే వాళ్ళ ఊరు. విడిది గుమ్మంలో బండి ఆపి, "వెళ్ళొస్తాను అత్తయ్యా, పొద్దున్నే అమ్మావాళ్ళని తీసుకొస్తాను" అన్నాడు. మాట కొంచెం తడబడింది.

మా ఆవిడ చెయ్యి చాచి, "తాళం ఇలా ఇయ్యి" అన్నది.

"అవతలి గట్టేగదా అత్తయ్యా. వంతెన మీద పది నిమిషాలు."

"గట్టు ఎక్కడికీ పోదు. రేపు వెళుదువుగాని."

వాడు మావైపు చూచాడు. మేము మాట్లాడలేదు. తాళం ఆమె చేతిలో పెట్టి, మొహం ముడుచుకొని అరుగు మీద పడుకున్నాడు. ఆమె ఆ తాళాన్ని కొంగున ముడివేసుకొన్నది.

ఆమె పెద్దన్నయ్య 1996లో, నిషేధం రోజుల్లో, స్నేహితులతో యానాం వచ్చాడు. 2002లో బాలయోగి వారధి వచ్చేదాకా గౌతమి దాటాలంటే పంటే దిక్కు. ఆ రాత్రి చివరి పంటు వెళ్ళిపోయింది. తెల్లవారేదాకా రేవులో కూర్చుంటే సరిపోయేది. కాని తాగి వచ్చారని ఊళ్ళో తెలుస్తుందని నాటుపడవ మాట్లాడుకొన్నారు. పడవ వచ్చింది. ఆయన రాలేదు. ఇంట్లో పిల్లలకు "గోదావరిలో పోయాడు" అని మాత్రమే చెప్పుకొంటూ వచ్చారు. ఏ రాత్రి, ఎందుకు అన్నది వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మరునాడు ఉదయం కాఫీ యిచ్చి, మా ఆవిడ వాడికి ఆ సంగతి చెప్పింది. వాడు గ్లాసు పట్టుకొని చాలాసేపు నది వైపు చూస్తూ కూర్చున్నాడు. తరువాత, "నాన్న ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. అంతే.

తాగవద్దని ఊరందరికీ చెప్పే యోగ్యత మాకు లేదు. యాత్రికులు వచ్చే ఊళ్ళో బార్లు ఉంటవి. వాటిమీద బ్రతికేవారూ ఉంటారు. మరీ త్వరగా మూస్తే పరుగెత్తి తాగుతారు, మరీ ఆలస్యమైతే పనివారికీ ఇరుగుపొరుగులకూ నిద్ర ఉండదు. కాని పక్కపక్క ఊళ్ళకు రెండు గడియారాలు ఉండడమే అన్నిటికన్నా కీడని మాకు తోచింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, పొరుగు రాష్ట్రాల జనం ఎగబడకుండా పుదుచ్చేరి ప్రభుత్వం ప్రత్యేక సుంకం వేసి మద్యం ధరలు పొరుగువారితో సమానం చేసింది. అంటువ్యాధి కోసం ధర కలిపినవారు, ప్రాణం కోసం వేళ కలపలేరా? మూసిన తరువాత అరగంటకు అటూ ఇటూ వొక్కొక్క బస్సు నడపలేరా?

అది జరిగేదాకా ఆ పని ఇళ్ళలో ఆడవాళ్ళే చేస్తూ ఉండాలి కాబోలు. పెళ్ళి ముగిసి, అప్పగింతలయ్యాక, మా ఆవిడ కొంగుముడి విప్పి తాళం ఇచ్చింది. వాడు పట్టపగలు వంతెన మీద నెమ్మదిగా వెళుతూ, నడిమధ్యన ఒక్క నిమిషం ఆగి, నీటిలోకి చూచి, మళ్ళీ కదిలాడు. మేము రేవు గట్టునుంచి చూస్తూ ఉన్నాము.