కోనసీమ స్త్రీలు – పాస్‌పోర్టు

గౌతమీ తీరమునకుఁ జేరువను, కొబ్బరితోఁటల నడుమ నున్నది ఐనవిల్లి. ఇచ్చటి సిద్ధివినాయకుని సన్నిధిని ఏటేటఁ గలములను పూజించి విద్యార్థులకుఁ బంచిపెట్టుదురు. ఈ కోనసీమ గ్రామములనుండియే పెక్కండ్రు స్త్రీలు ఇంటిపనులకై కువైటు, మస్కటు మొదలగు చోట్లకుఁ బోవుచున్నారు. వారికి మొట్టమొదటఁ గావలసినది పాస్‌పోర్టు.

1967వ సంవత్సరపు చట్టము ననుసరించి కేంద్ర ప్రభుత్వము దీని నొసఁగును. మన ప్రాంతము విశాఖపట్టణపు కార్యాలయము క్రిందిది. కంప్యూటరు మూలమున దరఖాస్తు పంపి, పెద్దల 36 పుటల పుస్తకమునకు 1500 రూపాయలు చెల్లించి, నియమిత దినమున సేవాకేంద్రమునకుఁ బోయి వ్రేలిముద్రలు వేయవలెను. పిమ్మటఁ బోలీసులు ఇంటి చిరునామాను విచారింతురు. తుదకుఁ బుస్తకము తపాలాలో వచ్చును. త్వరగాఁ గావలసినవారు 2000 రూపాయ లధికముగా నిత్తురు.

జాప్యమునకు మూలము తఱచుగా మన యింటి పెట్టెలోనే యుండును. ఆధారు కార్డులో నొక జన్మదినము, బడి పత్రములో వేఱొకటి. ఒక కాగితమునఁ బుట్టినింటి పేరు, మఱియొకదానఁ మెట్టినింటి పేరు! వీనిని ముందే సరిచేయించుకొన్నచో నెలలు కలిసివచ్చును.

ఇంకొక ముఖ్యవిషయము గలదు. పదవ తరగతి నెగ్గినట్లు పత్రము చూపనివారి పుస్తకమున సాధారణముగా వలస పరిశీలన ముద్ర పడును. అట్టివారు 18 దేశములకుఁ బనికిఁ బోవలెనన్నఁ బ్రత్యేకానుమతి పొందవలెను. 30 ఏండ్లు నిండని స్త్రీకి ఆ యనుమతి లేదు. ఇది రక్షణకై పెట్టిన నియమము. దీనిని దాఁటించెద నని సందర్శకుల వీసాపైఁ బంపు దళారిని నమ్మిన యాఁడుది, పరదేశమున నాపద వచ్చినపు డా రక్షణను గోల్పోవును.

సోదరీమణులారా! వినాయకుని కలము పట్టిన కూఁతును పదవ తరగతి దాఁక మాన్పింపక చదివింపుఁడు. ఆ యొక్క పత్రమే రేపు దానికి దారి చూపును.