పాత ఇనుములో పోవాల్సిన టేబుల్

అమ్మమ్మ పోయాక కొల్లేటి లంకలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం. బీరువా, మంచాలు, బిందెలు ఎవరికేవో తేలిపోయాయి. మిగిలింది హాల్లో టేబులొక్కటే. నాలుగు చక్రాలు, వాటి మీద ఇనప ఫ్రేమ్, ఆపైన మందపాటి అద్దం. "పాత ఇనుమోడికి వేసెయ్యండి. అద్దానికి ఎలాగూ డబ్బులివ్వడు" అన్నాడు మావయ్య.

నేనూ వద్దనలేదు. చిన్నప్పుడు ఫ్రెండ్స్ వస్తే ఆ టేబుల్ చూసి సిగ్గుపడేదాన్ని. చేపల ట్రేలు తోసే బండిలా ఉండేది మరి.

ఆ రాత్రి ఏలూరు వచ్చి ఫోన్ చూస్తుంటే ఓ ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. మందపాటి అద్దం, కింద నాలుగు చక్రాలు. అంతే! ఇటలీ ఆర్కిటెక్ట్ గాయె ఔలెంతి 1980లో ఫోంటానా ఆర్తే కంపెనీకి డిజైన్ చేసిన టేబుల్ అది. ఫ్యాక్టరీలో అద్దాలు మోసే ట్రాలీలు చూస్తే ఆ ఆలోచన వచ్చిందట ఆవిడకి. పారిస్‌లో పాత రైల్వే స్టేషన్ ఓర్సే మ్యూజియంగా మారినప్పుడు లోపలి డిజైన్ చేసిందీ ఆవిడే.

వెంటనే అమ్మని లేపి అడిగా, "మన టేబుల్ ఎవరు చేశారమ్మా?" అని.

తమ్మిలేరు, బుడమేరు పొంగితే కొల్లేరు లంకల మీదికొచ్చేది కదా. రెండుసార్లు ఇంట్లో చెక్క సామానంతా నాని, ఉబ్బి పాడైందట. విసిగిపోయిన తాతయ్య తాడేపల్లిగూడెంలో ఓ వెల్డర్‌కి చెప్పి చేయించాడు. అద్దం, మూసేసిన ఓ బట్టల కొట్టు కౌంటర్‌ది. చక్రాలు మాత్రం అమ్మమ్మ అడిగి పెట్టించుకుంది. మోకాళ్ళ నొప్పులతో ఊడ్చేటప్పుడు బరువు ఎత్తి జరపలేక.

"ఆ వెల్డర్ పేరేంటి?"

అమ్మకి గుర్తులేదు. మావయ్యకీ తెలీదు.

ఇటలీ టేబుల్‌లా ఉంది కాబట్టి మాది గొప్పదని కాదు. ఆవిడ ఫ్యాక్టరీ ట్రాలీని చూసింది, మావాళ్ళు వరదనీ, మోకాళ్ళ నొప్పినీ చూశారు. కాకపోతే అక్కడ ఎవరు చేశారో, ఏ ఏడో రాసిపెట్టుకున్నారు. ఇక్కడ చెప్పగలిగిన మనిషి ఇన్నేళ్ళూ ఎదురుగా ఉన్నా, నేనే అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రక్కు ఆటో మాట్లాడుకుని వెళ్ళా. అద్దాన్ని అమ్మమ్మ దుప్పట్లోనే చుట్టి తెచ్చా. తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించా. ఒక చక్రం ఇంకా తిరగట్లేదు. ఇప్పుడు దానిమీదే అన్నాలు తింటున్నాం.

మీ ఇంట్లోనూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. అమ్మేసే ముందు ఎవరు చేశారో, ఎందుకు చేశారో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళున్నప్పుడే.