యొర్దాను సీసాలు

మా సంఘంతో పవిత్రభూమి యాత్రకు సూట్‌కేసు సర్దుతుంటే బట్టలకన్నా ఖాళీ సీసాలే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఒకరు కాదు ఇద్దరు కాదు, వీధిలో పదకొండు మంది యొర్దాను నది నీళ్లు తెమ్మన్నారు. ఎదురింటి అత్తయ్య కొబ్బరినూనె సీసా కడిగి, ఎండబెట్టి, తన పేరు రాసిన కాగితం అంటించి మరీ ఇచ్చింది. మూత తీస్తే ఇంకా నూనె వాసనే. కాదనలేకపోయాను.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలని పాస్టరుగారు మూడు ఆదివారాలు చెప్పారు. అయినా ఇద్దరు మర్చిపోయారు. నా చిక్కు వేరు. బాప్తిస్మం పేరు ఒకటి, బడిలో రాయించి పాస్‌పోర్టుకెక్కిన పేరు ఇంకొకటి. సంఘం జాబితాలో ఉన్న పేరుతోనే టికెట్టు కొనబోయి ఆఖరి నిమిషంలో నాలుక కరుచుకున్నాం.

సాయంత్రాలు డాబా మెట్లు ఎక్కి దిగుతున్నాను. యాత్రలో ఎక్కాల్సిన సీనాయి కొండ ఎత్తు 2,285 మీటర్లు. నా మోకాళ్లకు డాబాయే సీనాయి. "మోషే ఎక్కినప్పుడు జనమంతా కిందే ఉన్నారు కదండీ" అన్నాను. పాస్టరుగారు నవ్వలేదు.

మృత సముద్రంలో మాత్రం మనిషి మునగడు, అంత ఉప్పు. ఈత రాని నా ఆశంతా అక్కడే.

యేసు పెళ్లికి వెళ్లిన కానాలో దంపతులు పెళ్లి ప్రమాణాలు మళ్లీ చేస్తారు. మా ఆయన పోయి నాలుగేళ్లు. ఆ పూట చర్చిలోకి వెళ్తానో, బస్సులోనే కూర్చుంటానో ఇంకా తేల్చుకోలేదు.

విమానంలో చేతిసంచిలో నీళ్లున్న ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదట. అత్తయ్య సీసా అరలీటరు. దాన్ని పెద్ద పెట్టెలో, చీరల మధ్య పెట్టాను.